లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ, ఐటీ దారి: అమెరికా కమ్యూనిటీ కాలేజీలో 60 క్రెడిట్లు వృథా పోకుండా

లిబరల్ ఆర్ట్స్ అనగానే మనవాళ్ళలో సగంమంది బొమ్మలు గీయడం, నాటకాలు వేయడం అనుకుంటారు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ డిగ్రీలిచ్చే తక్కువ ఫీజు కాలేజీలో, ఇది చదవడానికి చేరుతున్నానని చెప్పిన రోజు మా ఇంట్లో వచ్చిన మొదటి మాట కూడా "ఐటీ ఉద్యోగం చేస్తానన్నావు, మళ్ళీ ఈ ఆర్ట్స్ ఏంటి?" అనే. అడిగినవాళ్ళ తప్పేం లేదు, పేరు అలా ఉంది. ఇంగ్లిష్‌లో రాయడం, లెక్కలు, ఒకటో రెండో సైన్సు కోర్సులు, చరిత్ర, సైకాలజీ, ఇలాంటివన్నీ కలిపి ఇక్కడ జనరల్ ఎడ్యుకేషన్ అంటారు. బ్యాచిలర్స్ చేసేవాళ్ళు, కంప్యూటర్ సైన్స్ వాళ్ళయినా సరే, ఇవి చదవాల్సిందే. లిబరల్ ఆర్ట్స్ అసోసియేట్ డిగ్రీలో (ఆ రెండేళ్ళ డిగ్రీ పేరే అసోసియేట్) సగానికి పైగా ఇవే ఉంటాయి. మిగిలిన చోట్లో ఐటీ కోర్సులు పెట్టుకుంటే దాన్ని ఐటీ కాన్సంట్రేషన్ అంటారు, కొన్ని కాలేజీల్లో ఆప్షన్ అంటారు, కాలిఫోర్నియాలో ఏరియా ఆఫ్ ఎంఫసిస్ అంటారు.

క్రెడిట్ అంటే కోర్సు బరువు కొలిచే లెక్క, ఒక్కో కోర్సు మామూలుగా 3 క్రెడిట్లు. మొత్తం మామూలుగా 60 సెమిస్టర్ క్రెడిట్లు, క్వార్టర్ పద్ధతి నడిచే కాలేజీల్లో అయితే 90. అందులో ఐటీ వాటా సాధారణంగా 18 నుంచి 24, అంటే ఆరు నుంచి ఎనిమిది కోర్సులు. ఈ అంకె ముందే మనసులో పెట్టుకోండి, ఎందుకంటే ఆరు కోర్సులు చదివి ఎవరూ నెట్‌వర్క్ ఇంజనీర్ అయిపోరు. ఈ డిగ్రీ బలం ఎక్కడుందంటే, మొదటి రెండేళ్ళ చదువు తక్కువ ఖర్చుతో ముగించుకుని యూనివర్సిటీలో నేరుగా మూడో ఏట కూర్చోవడంలో. కాబట్టి ముందు ఏ యూనివర్సిటీ, ఏ బ్యాచిలర్స్ అన్నది తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను, ముందు చేరిపోయి తర్వాత ఆలోచించాను.

ఏఏ, ఏఎస్, ఏఏఎస్

కాలేజీ వెబ్‌సైట్లో ఐటీ అని కొడితే ఈ మూడు పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏఏ అంటే అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, మన లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ ఎక్కువగా ఇదే. ఏఎస్ అంటే అసోసియేట్ ఆఫ్ సైన్స్, ఇందులో లెక్కలు, సైన్సు ఎక్కువ, ఇది కూడా ట్రాన్స్‌ఫర్ కోసమే, అంటే ఈ క్రెడిట్లతో యూనివర్సిటీకి మారడం కోసమే. మూడోది ఏఏఎస్, అప్లైడ్ సైన్స్, ఇది నేరుగా ఉద్యోగంలో చేరడానికి పెట్టిన డిగ్రీ. ఐటీ కోర్సులు బోలెడు కనిపిస్తాయి కాబట్టి మనకు కళ్ళు అటే పోతాయి, కానీ ఆ కోర్సుల్లో చాలావాటిని నాలుగేళ్ళ యూనివర్సిటీలు తీసుకోవు, లేదా కొన్ని ప్రత్యేక ప్రోగ్రాముల్లో మాత్రమే తీసుకుంటాయి. ఇప్పుడే ఉద్యోగం కావాలి, బ్యాచిలర్స్ ఆలోచన లేదు అంటే ఏఏఎస్ మంచిదే. బ్యాచిలర్స్ మీద ఏ కాస్త ఆశ ఉన్నా ఏఏ గానీ ఏఎస్ గానీ తీసుకోండి. కాల్క్యులస్, ఫిజిక్స్ అంటే భయం లేకపోతే, కంప్యూటర్ సైన్సే చేయాలనుంటే ఏఎస్ నయం. ఐటీ మేనేజ్‌మెంట్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, సైబర్ సెక్యూరిటీ లాంటి వాటి వైపు వెళ్ళేవాళ్ళకి ఏఏ చాలావరకు సరిపోతుంది.

క్రెడిట్ వెళ్ళడం వేరు, పనికిరావడం వేరు

మొదటి సెమిస్టర్లో లెక్కల కోర్సు ఏం తీసుకోవాలని అడ్వైజర్‌ని అడిగితే, మీ డిగ్రీకి లిబరల్ ఆర్ట్స్ మ్యాథ్ చాలు, తేలిక కూడా అన్నారు. నిజమే, తేలిగ్గానే ఉంది, "ఏ" గ్రేడ్ వచ్చింది, సంబరపడ్డాను. రెండేళ్ళ తర్వాత యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌ఫర్ ఇవాల్యుయేషన్ షీటు వచ్చింది. ఎడమ పక్క నేను చదివిన కోర్సుల పేర్లు, కుడి పక్క వాళ్ళ దగ్గర అవి ఏమయ్యాయన్నది. ఇంగ్లిష్ ఎదురుగా ఇంగ్లిష్, సైకాలజీ ఎదురుగా సైకాలజీ. మ్యాథ్ ఎదురుగా మాత్రం "ఎలెక్టివ్" అని ఒక్క మాట, ఐచ్ఛికం అన్నమాట. అంటే క్రెడిట్లు మూడూ తీసుకున్నారు, ఎక్కడా పోలేదు, కానీ వాళ్ళ ఐటీ ప్రోగ్రాంకి కావాల్సింది స్టాటిస్టిక్స్, అది నా దగ్గర లేదు. మళ్ళీ కూర్చుని యూనివర్సిటీ రేటులో స్టాటిస్టిక్స్ చదివాను. అడ్వైజర్ చెప్పింది తప్పు కాదు, ఆయన కాలేజీ డిగ్రీకి అది నిజంగానే చాలు. నేను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

ఆ ప్రశ్న ఇది: "ఈ కోర్సు ఫలానా యూనివర్సిటీలో ఫలానా మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) ఏ రిక్వైర్‌మెంట్ కింద లెక్కకొస్తుంది?" ఇంత పొడుగ్గానే అడగండి. "ట్రాన్స్‌ఫర్ అవుతుందా?" అని అడిగితే అవుననే అంటారు, ఆ అవును మనకు ఉపయోగపడదు.

జవాబు ఎక్కడ దొరుకుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది, మీ కాలేజీ, మీరు వెళ్ళాలనుకునే యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) లేదా కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సుకి ఏది సమానమో వరసగా చూపిస్తుంది. అక్కడ 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరేవాళ్ళకి కాల్‌జెట్‌సీ అనే ఒకే జనరల్ ఎడ్యుకేషన్ పద్ధతి వచ్చింది, పాత ఐజెట్‌సీ పద్ధతి సలహాలు ఇప్పటికీ ఇంటర్నెట్లో తిరుగుతున్నాయి, వాటి ప్రకారం కోర్సులు తీసుకోకండి. టెక్సస్‌లో 42 గంటల (క్రెడిట్ల) కోర్ కరికులమ్ పూర్తిచేస్తే ప్రభుత్వ యూనివర్సిటీలు దాన్ని మొత్తంగా తీసుకోవాలి, కోర్సు నంబర్లు కూడా ఉమ్మడిగా ఉంటాయి, కంపోజిషన్ ఇంగ్లిష్ 1301 అంటే ఏ కాలేజీలో చదివినా అదే. ఫ్లోరిడాలోనూ నంబర్లు రాష్ట్రమంతటా ఒకటే. న్యూజెర్సీకి ఎన్‌జే ట్రాన్స్‌ఫర్ అనే వెబ్‌సైట్ ఉంది. నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీకి, జార్జ్ మేసన్ యూనివర్సిటీకి మధ్య 2018 నుంచి అడ్వాన్స్ అనే ప్రోగ్రాం నడుస్తోంది, మొదటి రోజు నుంచే రెండు చోట్లకీ కలిపి ప్లాన్ ఇస్తారు. మీ రాష్ట్రంలో ఇలాంటిది లేకపోతే యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకే ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో వద్దు, రాతపూర్వకంగా ఉంటే రేపు చూపించుకోవచ్చు. ఇంకోటి, డీ గ్రేడ్‌తో పాస్ అయిన కోర్సు కాలేజీలో లెక్కకొచ్చినా యూనివర్సిటీలు ఎక్కువగా సీ లేదా ఆపైనే తీసుకుంటాయి.

చేరడం, వీసా, పాత చదువు

చేరడం తేలికే. కమ్యూనిటీ కాలేజీలు చాలావరకు హైస్కూలు పూర్తయినవాళ్ళందరినీ తీసుకుంటాయి, ఎస్ఏటీ ప్రవేశ పరీక్ష అక్కర్లేదు. ఇంగ్లిష్, మ్యాథ్ స్థాయి చూడటానికి కొన్ని కాలేజీలు అక్యుప్లేసర్ లాంటి ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతాయి. దీన్ని తేలిగ్గా తీసుకుని చదవకుండా వెళ్ళకండి. స్కోరు తగ్గితే క్రెడిట్ లెక్కకి రాని కింది కోర్సుల్లో వేస్తారు, డబ్బూ సమయమూ రెండూ పోతాయి. రెండు వారాలు ఆల్జీబ్రా తిరగేసి వెళ్తే చాలు.

హెచ్4 (హెచ్1బీ లాంటి వీసా మీద పనిచేసేవాళ్ళ కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్ళు స్టేటస్ మార్చుకోకుండానే ఫుల్‌టైమ్ గానీ పార్ట్‌టైమ్ గానీ చదువుకోవచ్చు. ఎఫ్2 (విద్యార్థి కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్ళకి పార్ట్‌టైమ్ వరకే, అదీ విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవడానికి ఎస్ఈవీపీ అనుమతి ఉన్న కాలేజీలోనే. ఎఫ్1 (విద్యార్థి వీసా) వాళ్ళు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లే, లెక్కకొస్తుంది. ఇన్‌స్టేట్ ఫీజు, అంటే రాష్ట్రవాసులకిచ్చే తక్కువ ఫీజు, కావాలంటే ఆ రాష్ట్రంలో మామూలుగా ఏడాది నివాసం చూపించాలి. హెచ్4 వాళ్ళకి ఇస్తారా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందుగానే రెసిడెన్సీ ఆఫీసుని అడగండి. లీజు, కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్సు, ట్యాక్స్ కాగితాలు ఒక ఫోల్డర్లో పెట్టుకుని వెళ్తే ఒక్కసారితో పనైపోతుంది.

ఇండియాలో డిగ్రీ సగంలో ఆపేసి వచ్చారా? నేనూ అంతే, పెళ్ళయ్యి రెండో ఏట వదిలేసి వచ్చినదాన్ని. ఆ మార్కుల జాబితాలు పారేయకండి. నేసెస్ (విదేశీ చదువుల్ని లెక్కగట్టే సంస్థల సంఘం) సభ్యత్వం ఉన్న సంస్థ దగ్గర, అంటే డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి చోట, కోర్స్ బై కోర్స్ ఇవాల్యుయేషన్ చేయించండి. డాక్యుమెంట్ బై డాక్యుమెంట్ అని చవకది ఒకటి ఉంటుంది, అది క్రెడిట్లు రావడానికి పనికిరాదు. ఏ సంస్థది ఒప్పుకుంటారో కాలేజీని ముందు అడిగి తర్వాత డబ్బు కట్టండి.

డబ్బు సంగతి

కాలిఫోర్నియాలో నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకి 2,760 డాలర్లు, పుస్తకాలూ చిల్లర ఫీజులూ వేరు. మిగతా రాష్ట్రాల్లో దీనికంటే ఎక్కువే ఉంటుంది, అయినా యూనివర్సిటీ ఫీజుతో చూస్తే చాలా తక్కువ.

పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఫాఫ్సా, అంటే ఫెడరల్ విద్యా సాయం అప్లికేషన్, నింపాలి. ఆదాయం ఎక్కువ, మాకేం రాదులే అని వదిలేయకండి, కొన్ని రాష్ట్రాల, కాలేజీల సాయానికి కూడా అదే అప్లికేషన్. అది చూసేది రెండేళ్ళ వెనకటి ట్యాక్స్ లెక్కలు, ఈమధ్యే ఉద్యోగం పోయి ఉంటే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఆ సంగతి చెప్పి మళ్ళీ లెక్క వేయమని అడగొచ్చు. పెల్ గ్రాంట్ అనే ఫెడరల్ సాయం గరిష్ఠంగా 2025-26కి 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు. మనవాళ్ళు ఇక్కడే ఒక చోట బోల్తా పడతారు. ఇండియాలో బీకాం, బీఎస్సీ, బీటెక్ ఏదైనా పూర్తయి ఉంటే పెల్ రాదు. ఆ డిగ్రీని ఇక్కడ ఎవరూ గుర్తించకపోయినా సరే, బ్యాచిలర్స్ ఉన్నట్టే లెక్క. దాచిపెట్టి ఫాఫ్సా నింపితే తర్వాత డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తుంది, ఆ జోలికి పోకండి. హెచ్4, ఎఫ్1 వాళ్ళకి ఫెడరల్ సాయం లేదు, కాలేజీ ఫౌండేషన్ ఇచ్చే చిన్న స్కాలర్‌షిప్పులు మాత్రం చాలావాటికి వీసా అడగరు. అప్లై చేసేవాళ్ళు తక్కువ కాబట్టి వచ్చే అవకాశం ఎక్కువ. 500 డాలర్ల కోసం ఒక పేజీ వ్యాసం రాయడానికి బద్ధకిస్తారు జనం, మీరు రాయండి.

పుస్తకాలకి ఓపెన్‌స్టాక్స్ ఉచితంగా దొరుకుతుంది, స్టాటిస్టిక్స్, సైకాలజీ, బయాలజీ అన్నీ ఉన్నాయి. కోర్సుల జాబితాలో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ అన్న గుర్తు ఉన్న సెక్షన్ వెతుక్కోండి. ఇంకా క్లెప్ పరీక్షలు. ఒక పరీక్ష పాసైతే కోర్సు చదవకుండానే క్రెడిట్ ఇస్తారు, సాధారణంగా 50 స్కోరు చాలు, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కి కూడా ఒకటుంది. ఇక్కడా అదే జాగ్రత్త, కాలేజీ ఒప్పుకున్న క్లెప్‌ని యూనివర్సిటీ ఒప్పుకోకపోవచ్చు.

సెమిస్టర్ ఎలా పేర్చుకోవాలి

ఫుల్‌టైమ్ అంటే 12 క్రెడిట్లు, కానీ 12 చొప్పున తీసుకుంటే నాలుగు సెమిస్టర్లకి 48 అవుతుంది, 60 కాదు. రెండేళ్ళలో అవ్వాలంటే 15, లేదా సమ్మర్‌లో కొన్ని. 3 క్రెడిట్ల కోర్సుకి వారానికి మూడు గంటల క్లాసు, ఇంకో ఆరు గంటల ఇంటి పని అని లెక్క పెట్టుకోండి. పిల్లలు, ఇల్లు, పార్ట్‌టైమ్ పని ఉంటే రెండు కోర్సులతో మొదలెట్టినా తప్పులేదు, మూడున్నరేళ్ళు పట్టినా ఎవరూ అడగరు. ఎనిమిది వారాల కోర్సు అని ఒకటి కనిపిస్తుంది, సగం రోజుల్లో అయిపోతుందని ఆశపడతాం, పని మాత్రం సగం కాదు, అదే పని సగం రోజుల్లో చేయాలి. ప్రోగ్రామింగ్ కోర్సుని మాత్రం అలా తీసుకోకండి.

ఐటీ కోర్సులు గొలుసుకట్టుగా ఉంటాయి. ఇంట్రో చదివితేనే ప్రోగ్రామింగ్ ఒకటి, అది అయితేనే రెండు, దాంతో పాటో తర్వాతో డేటాబేస్. రెండో కోర్సు స్ప్రింగ్‌లో మాత్రమే పెట్టే చిన్న కాలేజీలు ఉన్నాయి, ఒకటి తప్పితే ఏడాది ఆగాలి. అందుకని జనరల్ ఎడ్యుకేషన్ అంతా ముందు అయిపోనిచ్చి ఐటీ తర్వాత చూద్దాం అనుకోకుండా, మొదటి సెమిస్టర్ నుంచే ఒక ఐటీ కోర్సు, ఒక మ్యాథ్, ఇంగ్లిష్ కలిపి నడపండి. ఉన్న ఆరేడు ఐటీ కోర్సుల్లో నా ఓటు వీటికి: పైథాన్‌లో గానీ జావాలో గానీ ప్రోగ్రామింగ్, నెట్‌వర్కింగ్, ఎస్‌క్యూఎల్ ఉన్న డేటాబేస్, లినక్స్ ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్స్, సెక్యూరిటీ పరిచయం. ఎక్సెల్, వర్డ్ నేర్పే కంప్యూటర్ లిటరసీ కోర్సు డిగ్రీలో తప్పనిసరి అయితే తప్ప తీసుకోవద్దు, పరీక్ష రాసి దాటేసే వీలుంటే ఇంకా మంచిది.

మనవాళ్ళు ఐటీ కోర్సులకి టెన్షన్ పడతారు గానీ నిజంగా కష్టపెట్టేది ఇంగ్లిష్ కంపోజిషన్. మన దగ్గర వ్యాసం అంటే పరిచయం, విషయం, చివర్లో అభిప్రాయం. నేను మొదటి వ్యాసం అలాగే రాసి ఇచ్చాను. ప్రొఫెసర్ చివరి పేరాలో ఒక వాక్యం చుట్టూ ఎర్ర గీత గీసి, అక్కడి నుంచి కాగితం అంచు మీదుగా బాణం లాక్కొచ్చి మొదటి పేరాలో పెట్టారు. పక్కన రెండే మాటలు, "ఇక్కడ చెప్పండి." థీసిస్ అంటే అదే, చెప్పదలచుకున్నది మొదటే చెప్పి, మిగతా నాలుగు పేజీలూ దానికి రుజువులు చూపించడం. ఇంకొకరి వాక్యం వాడితే ఎవరిదో చెప్పాలి, పదాలు మార్చినా చెప్పాలి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేసి మార్కులు తెచ్చుకున్న అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. ఏఐతో రాయించుకోవడం మీద ఏ కోర్సు నియమం ఏంటో సిలబస్‌లోనే ఉంటుంది, మొదటి వారమే చదవండి. ప్రతి కాలేజీలో రైటింగ్ సెంటర్ లాంటిది ఒకటి ఉంటుంది, ఉచితం, డ్రాఫ్ట్ పట్టుకెళ్తే కూర్చుని చూస్తారు. నేను వారానికోసారి వెళ్ళేదాన్ని.

స్పీచ్ కోర్సు కూడా చాలా డిగ్రీల్లో ఉంటుంది. ఆన్‌లైన్లో తీసుకుంటే తప్పించుకోవచ్చు అనుకోకండి, అక్కడ కూడా మనుషుల ముందు మాట్లాడి వీడియో తీసి పంపమనే సెక్షన్లు ఉంటాయి. నా మొదటి స్పీచ్ రౌటర్ ఎలా పనిచేస్తుందన్న దాని మీద, నాలుగు నిమిషాలు మాట్లాడాలి, రెండు నిమిషాల్లో ముగించేశాను. తర్వాత హెల్ప్‌డెస్క్ ఉద్యోగం ఇంటర్వ్యూలో, కంప్యూటర్ తెలియని మనిషికి ఒక సమస్య వివరించమన్నప్పుడు ఉపయోగపడింది మాత్రం ఆ కోర్సే.

డిగ్రీతో పాటు చేయాల్సినవి

ఐటీ భాగం చిన్నది కాబట్టి ఆ వెలితి పక్కనుంచి పూడ్చుకోవాలి. హెల్ప్‌డెస్క్ వైపు అయితే కాంప్టియా సంస్థ ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్, ఇందులో రెండు పరీక్షలు, తర్వాత నెట్‌వర్క్ ప్లస్ లేదా సెక్యూరిటీ ప్లస్. మూడేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది. విద్యార్థులకి పరీక్ష వోచర్ తగ్గింపు ధరకి ఇస్తారు, పూర్తి ధర కట్టే ముందు కాలేజీ ఈమెయిల్‌తో చూసుకోండి. నెట్‌వర్కింగ్ ఇష్టమైతే సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఉన్న కాలేజీలో సీసీఎన్ఏ సర్టిఫికెట్ పాఠాలే కోర్సులుగా నడుస్తాయి, ఒకే చదువుతో క్రెడిట్లూ పరీక్ష తయారీ రెండూ అయిపోతాయి. అన్నీ చేయాలని పరుగెత్తకండి, ఒకటి చాలు. కాలేజీ ఈమెయిల్ వచ్చిన రోజే గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, అజూర్ ఫర్ స్టూడెంట్స్ తీసుకోండి, రెండోదానిలో క్రెడిట్ కార్డు లేకుండానే 100 డాలర్ల క్లౌడ్ క్రెడిట్ ఇస్తారు. పని చేసే అనుమతి ఉంటే క్యాంపస్ ఐటీ హెల్ప్‌డెస్క్‌లో స్టూడెంట్ ఉద్యోగం కోసం అడగండి. జీతం గొప్పగా ఉండదు, రెజ్యూమెలో మొదటి వరస మాత్రం అదే అవుతుంది.

తేదీలు

కోర్సు నచ్చకపోతే మొదటి వారంలో, పదిరోజుల్లో డ్రాప్ చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది, ట్రాన్‌స్క్రిప్ట్‌లో (గ్రేడ్ల రికార్డులో) కనపడదు. ఆ తేదీ దాటితే విత్‌డ్రా, డబ్బు రాదు, డబ్ల్యూ అని పడుతుంది, జీపీఏ తగ్గదు. అది కూడా దాటి వెళ్ళడం మానేస్తే ఎఫ్. క్లాసుకి పోకపోతే వాళ్ళే తీసేస్తారులే అని ఊరుకున్నవాళ్ళని చూశాను, అందరికీ ఎఫ్ వచ్చింది. ఫెడరల్ సాయం తీసుకున్నవాళ్ళు సెమిస్టర్ 60 శాతం పూర్తికాకముందే అన్ని కోర్సులూ వదిలేస్తే కొంత డబ్బు తిరిగి కట్టాలి. పైగా మామూలుగా 2.0 జీపీఏ, తీసుకున్న క్రెడిట్లలో 67 శాతం పూర్తి చేయడం అనే నియమం ఉంటుంది, డబ్ల్యూలు పెరిగితే ఆ శాతం పడిపోయి సాయం ఆగిపోతుంది.

60 క్రెడిట్లు అయ్యాయి కదా, డిగ్రీ దానంతటదే వస్తుందనుకోకండి. చాలా కాలేజీల్లో గ్రాడ్యుయేషన్ అప్లికేషన్ వేరుగా పెట్టాలి, చివరి సెమిస్టర్ మొదట్లోనే దాని గడువు ఉంటుంది. పెట్టే ముందు డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో చూపే జాబితా) తీసి, ఒక్కో వరసా టిక్ అయిందో లేదో చూసుకోండి, ఏదైనా ఖాళీగా ఉంటే అప్పుడింకా ఒక సెమిస్టర్ చేతిలో ఉంటుంది. యూనివర్సిటీకి ట్రాన్‌స్క్రిప్ట్ పంపేటప్పుడు చివరి గ్రేడ్లు ఎక్కి, డిగ్రీ ఇచ్చినట్టు నమోదయ్యాకే ఫైనల్ కాపీ ఆర్డర్ చేయండి, తొందరపడి ముందే పంపితే రెండోసారి కూడా కట్టాలి. ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచిపెట్టండి. నా డేటాబేస్ కోర్సుని కూడా మొదట ఎలెక్టివ్‌లోనే వేశారు, సిలబస్ జతచేసి డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ పెడితే పదకొండు రోజులకి మార్చి పంపారు.